పొలం ఇల్లు అమ్మి మోటర్‌హోమ్‌లోకి మారడం ఎలా?

డాలస్‌కి తూర్పున, ఊరికి దూరంగా మాకు 12 ఎకరాలుండేవి. నాలుగు ఆవులు, ముప్పై కోళ్ళు, ఒక కొట్టం, ఇంటి వెనక గోంగూర మడి. పిల్లలు ఎవరి ఊళ్ళలో వాళ్ళు స్థిరపడ్డాక ఆ చాకిరీ మా ఇద్దరి వల్లా కాలేదు. అన్నీ అమ్మేసి మోటర్‌హోమ్‌లో, అంటే వంటిల్లు, మంచం, బాత్రూం ఉన్న పెద్ద బండిలో కాపురం పెట్టాం. అదెలా చేశారని ఇక్కడి తెలుగువాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఏ పని ముందు, ఏది తర్వాత అన్నదే ఇందులో అసలు సంగతి, అందుకే వరసగా చెబుతాను.

ముందు అద్దె బండిలో కాపురం చేసి చూడండి

కనీసం రెండు వారాలు. విహారయాత్రలాగా కాదు, రోజూ వండుకుంటూ, బట్టలు ఉతుక్కుంటూ, వాన పడితే ఇద్దరూ లోపలే కూర్చుంటూ. కరెంటు లెక్క అప్పుడే తెలిసొస్తుంది. 30 ఆంపియర్ల కరెంటు కనెక్షనున్న బండికి ఒకేసారి దొరికేది 3,600 వాట్లే. ఏసీ తిరుగుతుండగా ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్‌లో పప్పు పెట్టి, పక్కన మైక్రోవేవ్ కూడా వేస్తే బ్రేకర్ పడిపోవచ్చు. 50 ఆంపియర్ల బండిలో 12,000 వాట్ల దాకా వస్తుంది. మన వంటకు, టెక్సస్ ఎండకు అదే నయమని నా అభిప్రాయం. పోపు పెట్టేటప్పుడు పైకప్పు ఫ్యాను వేసి, ఒక కిటికీ తెరవాలి, లేకపోతే పొగ అలారం మోగుతుంది.

తర్వాత పశువుల సంగతి తేల్చండి

ఇల్లు అమ్మకానికి పెట్టడానికి ఆరు నెలల ముందే ఈ పని మొదలుపెట్టాలి. సంతలో వేలానికి తోలితే ఒక్కరోజులో అయిపోతుంది. కానీ ఎవరింటికి వెళ్తున్నాయో తెలియాలని నా పట్టుదల. పక్క పొలం పెద్దాయన తీసుకుంటానన్నాడు. ఆయన ట్రైలర్ తెచ్చిన రోజు మూడు ఆవులు ఎక్కేశాయి, గౌరి మాత్రం కదల్లేదు. చేతిలో బెల్లం ముక్క పెట్టుకుని నేనే ముందు ట్రైలర్ ఎక్కితే, నా చెయ్యి నాకుతూ వెనకే వచ్చింది. నేను దిగాక తలుపు వేశారు. ఆ సాయంత్రం ఖాళీ కొట్టం వైపు చూడలేకపోయాను. మీకూ అలాగే ఉంటుంది, దానికి కొంత సమయం ఇచ్చుకోండి.

పశువులు వెళ్ళిపోయాయని భూమిని ఖాళీగా వదలకండి. టెక్సస్‌లో సాగుభూమికి పన్ను తక్కువ. వాడకం ఆగిపోతే ఆ సదుపాయం పోవచ్చు. భూమిని వేరే పనికి మారిస్తే గత మూడేళ్ళ తేడా పన్ను కట్టమంటారు. మేం అమ్మకం పూర్తయ్యేదాకా మేతకు ఆ పెద్దాయనకే కౌలుకిచ్చాం. కొన్నవాళ్ళు వాడకం మారిస్తే ఆ పన్ను ఎవరు కట్టాలో ఒప్పందంలో రాయించుకోండి. ఇంకొకటి: అమ్మకానికి ముందు ఐదేళ్ళలో రెండేళ్ళు సొంతదారులుగా ఆ ఇంట్లోనే కాపురముంటే, లాభంలో దంపతులకు 5,00,000 డాలర్ల దాకా ఫెడరల్ పన్ను ఉండదు. కానీ సాగు చేసిన పొలం ఆ లెక్కలోకి రాకపోవచ్చు. సంతకాలకు ముందే పన్నుల లెక్క చూసేవాళ్ళతో మాట్లాడండి.

సామాన్లను చోటుతో కాదు, బరువుతో కొలవండి

అందరూ అరల్లో చోటుందా అని చూస్తారు. అరలు నిండకముందే టైర్లు మోయగలిగిన బరువు దాటిపోవచ్చు. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని బండి లోపల ఒక చీటీ అంటించి ఉంటుంది. కొనేముందు అది చదవండి. దాని మీద 2,000 పౌండ్లని ఉందనుకోండి. 80 గ్యాలన్ల నీళ్ళు నింపితే సుమారు 660 పౌండ్లు. ఇద్దరు మనుషులు 320. ఇక మంచం మీద దుప్పటి నుంచి పనిముట్ల పెట్టె దాకా అన్నీ 1,020 పౌండ్లలో సర్దుకోవాలి.

అందుకని ఒక నోటు పుస్తకం, బాత్రూంలో వాడే కాటా తీసుకుని ఒక్కో వస్తువూ తూచండి. మా అత్తయ్యగారి ఆవకాయ జాడీ ఊరగాయతో కలిపి 14 పౌండ్లు తూగింది. ఊరగాయ ప్లాస్టిక్ డబ్బాలోకి తీశాను. జాడీ కడిగి, ఆరబెట్టి, పాత చీరలో చుట్టి మా అమ్మాయికిచ్చాను. గ్రైండర్ బదులు మిక్సీ తెచ్చుకున్నాను. ఇత్తడి దీపపు కుందుల్లో చిన్నది ఒక్కటే నాతో ఉంది.

మనసు ఒప్పుకోని వస్తువుల్ని పారేయకండి. గ్రైండర్, పెద్ద గిన్నెలు, పట్టుచీరలు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలకు పిలిచి ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకున్నారు. స్టోరేజీ గది అద్దెకు తీసుకుంటే ఒక్క ఏడాదికే తీసుకోండి. ఆ ఏడాదిలో ఎవరూ తెరవని పెట్టెలు ఎవరికైనా ఇచ్చేయండి.

అంతా సర్దాక నీళ్ళు, ఇంధనం నింపి, ట్రక్కులు ఆగే చోట బండ్లు తూచే క్యాట్ స్కేల్ అనే కాటా మీద బండి ఎక్కించండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు బరువులు విడివిడిగా కాగితం మీద వస్తాయి. ఒకటి పరిమితి దాటితే సామాను అటూ ఇటూ మార్చండి లేదా దించేయండి.

చిరునామా, కాగితాలు

ఇల్లు లేకపోయినా చిరునామా కావాలి. తిరిగేవాళ్ళు ఎక్కువగా టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటాలను ఎంచుకుంటారు, అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. టెక్సస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఎస్కేపీస్ అనే ఆర్వీల (మోటర్‌హోమ్ లాంటి బండ్ల) వాళ్ళ సంఘం సభ్యుల ఉత్తరాలు అందుకుని పంపిస్తుంది. పౌరసత్వం ఇంకా రానివాళ్ళు చిరునామా మారిన 10 రోజుల్లో యూఎస్‌సీఐఎస్‌ అనే వలసల ప్రభుత్వ శాఖకి తెలియజేయాలి, మరిచిపోకండి. సామానుతో కలిపి బండికి అనుమతించిన బరువు 26,000 పౌండ్లు దాటితే టెక్సస్‌లో మామూలు క్లాస్ సి లైసెన్సు చాలదు, క్లాస్ బి కావాలి. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు అందులోనే కాపురం ఉంటున్నామని చెప్పండి. మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా వయసొచ్చినవాళ్ళు, వేరే రాష్ట్రంలో జబ్బు చేస్తే మీ ప్లాను పనికొస్తుందో లేదో అడిగి తెలుసుకోండి.

ట్యాంకుల పద్ధతి

మరుగుదొడ్డి ట్యాంకు వాల్వు ఎప్పుడూ మూసే ఉంచాలి. తెరిచి వదిలేస్తే నీళ్ళు పోయి గట్టిది అడుగున పేరుకుపోతుంది. మూడింట రెండొంతులు నిండాక ముందు అది ఖాళీ చేసి, తర్వాత స్నానాల, వంటింటి నీళ్ళు వదలండి, గొట్టం కడిగినట్టవుతుంది. కంచాల్లో నూనె, పప్పు అంటుకుని ఉంటే ముందు కాగితంతో తుడిచి కడగండి. నూనె ట్యాంకులోకి పోతే ఆ వాసన వదలదు. తాగే నీళ్ళ గొట్టానికి, ఈ గొట్టానికి వేర్వేరు అరలు ఉండాలి.

ఏడాదికోసారి బండిని మళ్ళీ తూచండి. మొన్న తూయిస్తే మాది 140 పౌండ్లు పెరిగింది. వెతికితే మంచం కింద అరలో ఇరవై పౌండ్ల సోనామసూరి సంచులు నాలుగు, వాటి వెనక మావారు ఎవరికీ ఇవ్వలేక తెచ్చుకున్న పార, గునపం కనిపించాయి. మూడు సంచులు దించేసి పిల్లలకు పంపాం. పార, గునపం ఉంచేశాం, వాటి బరువు పుస్తకంలో రాశాను.