మీ ఊరి పేరు చివర 'వలస' ఎందుకొచ్చిందో తెలుసుకోవడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బస్సెక్కితే ఊళ్ల బోర్డుల మీద ఒక మాట పదేపదే కనిపిస్తుంది: వలస. ఆమదాలవలస, కొత్తవలస, ఇంకా చిన్నాచితకా ఊళ్లు ఎన్నో. ఆ మాట వెనకున్న కథలు మన పెద్దలతోనే పోకూడదని ఇది రాస్తున్నాను.

ముందు పేరు చివరి మాట చూడండి. ఊరు ఎలా పుట్టిందో చాలాసార్లు అదే చెబుతుంది. అగ్రహారమంటే బ్రాహ్మణులకు దానమిచ్చిన ఊరు. పాలెమంటే ఒకప్పుడు దండు విడిది. మరి వలస? 1852 నాటి బ్రౌన్ నిఘంటువు ఇచ్చిన అర్థం, శత్రుసైన్యానికి భయపడి ఇల్లు వదిలి పోవడం. ఇప్పుడు కూలి పనికి హైదరాబాద్ వెళ్లడాన్నీ వలసే అంటున్నాం. వెళ్లిపోవడాన్ని చెప్పే మాట, వచ్చి నిలిచిన చోటికి పేరైంది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు నిండుతుంది. అలాగని ప్రతి వలసా యుద్ధ భయంతోనే పుట్టిందనుకోకండి. నీళ్ల కోసం, భూమి కోసం కూడా జనం కదులుతారు.

తర్వాత పేరు మొదటి సగం. అది మనిషి పేరో, చెట్టో, కులమో కావచ్చు. ఆమదాలవలసలో ఆముదం వినిపిస్తుంది. వినిపించింది కదా అని వెంటనే తేల్చేయకండి, ఊళ్లో అడిగి చూడండి.

అడగడమే అసలు పని. "ఊరి చరిత్ర చెప్పండి" అంటే పెద్దవాళ్లు తడబడతారు. చిన్న ప్రశ్నలు వేయండి. మన ఇంటిపేరు వాళ్లు ఇంకే ఊళ్లో ఉన్నారు? అమ్మవారి మొక్కు తీర్చడానికి ఎక్కడికి వెళ్తాం? మొదటి బావి ఎవరు తవ్వించారు? ఒక మామ్మను ఇలాగే అడిగితే, "మాది ఏటవతల ఊరు బాబూ. వరదకి ఇల్లు పోతే మా తాతోళ్లు ఇటొచ్చి పాకేసుకున్నారు" అంది. పుల్ల తీసుకుని మట్టిలో ఏరు గీసింది, అవతల పాత ఊరు, ఇవతల మూడు పాకలు. చెరిగిపోకముందే ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను.

ఇక కాగితాలు. చిన్న ఊరు రెవెన్యూ రికార్డుల్లో పెద్ద ఊరికి శివారుగా ఉండొచ్చు, కాబట్టి ఆ పెద్ద ఊరి పేరుతోనూ వెతకండి. జిల్లా పేరూ చూసుకోవాలి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి. 1950కి ముందువి విశాఖపట్నం పేరు మీద ఉంటాయి. ఇప్పటి విజయనగరం ఊళ్లకైతే 1950 నుంచి 1979 దాకా కొన్ని శ్రీకాకుళం కింద, మిగతావి విశాఖపట్నం కింద ఉంటాయి. శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం వైపు ఊళ్లకైతే 1936కి ముందు గంజాం జిల్లా కింద చూడాలి.