పాత వంద సీసీ బండి, మూడో పాఠం: టైమింగ్ చైన్ టెన్షనర్

కిందటి పాఠంలో ట్యాపెట్లు, అంటే వాల్వుల్ని నొక్కే చోట ఉండే సందు, సరిచేశాం. ఆ తర్వాత కూడా ఇంజను ఎడమ పక్క నుంచి గరగరమని చప్పుడు వస్తోందంటే, అందులోనూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలినప్పుడు పెరుగుతోందంటే, ఇక అనుమానించాల్సింది టైమింగ్ చైన్‌నే, అంటే వాల్వుల్ని తెరిచే క్యామ్‌ని ఇంజనుతో పాటు తిప్పే గొలుసుని. దాన్ని వదులు కాకుండా పట్టి ఉంచేది టెన్షనర్. ట్యాపెట్ చప్పుడు వేరు, అది హెడ్ (ఇంజను పై మూత) మీద నుంచి టిక్కు టిక్కుమని ఒకే తాళంలో వస్తుంది. తేడా తెలియకపోతే ఒక పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకుని మొనను బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) ఎడమ పక్కన ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వినండి, తర్వాత అదే హెడ్ మీద పెట్టి వినండి. చప్పుడు ఎక్కడ గట్టిగా ఉందో మీ చెవే చెబుతుంది.

మనం పట్టుకున్న బండి సీడీ 100. 1985లో వచ్చిన హీరో హోండా, 97.2 సీసీ. కోనసీమలో ఇప్పటికీ కాలవ గట్ల మీద రెండు పక్కలా కొబ్బరికాయల బస్తాలు వేసుకుని, భీమవరం వైపు చెరువులకి మేత మోసుకుంటూ తిరుగుతున్నవి ఉన్నాయి. ఆ రోజుల్లో దాని ప్రకటన ‘ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్’. పెట్రోలు సంగతి అలా మర్చిపోవచ్చేమో గానీ ఇంజనాయిల్ సంగతి మర్చిపోతే మొదట దెబ్బ తినేవాటిలో టెన్షనర్ ఒకటి. ఎందుకో చెప్తాను, ఇది అర్థమైతే మిగతా పాఠమంతా సులువు.

ఈ ఇంజనులో టెన్షనర్ అంటే ఒక రాడ్, దాని కింద ఒక స్ప్రింగ్, పైన ఒక రబ్బరు టోపీ. స్ప్రింగ్ రాడ్‌ని పైకి నెడుతుంది, రాడ్ ఒక ఆర్మ్‌ని నెడుతుంది, ఆర్మ్ చివర ఉన్న రోలర్ చైన్‌ని నొక్కి పట్టుకుంటుంది. ఇంతేనా అంటే కాదు. రాడ్ లోపల ఒక చిన్న ఉక్కు గోళీ ఉంటుంది. రాడ్ పైకి వెళ్లేటప్పుడు గోళీ పక్కకి జరిగి ఆయిల్‌ని కిందికి రానిస్తుంది, చైన్ ఎదురు నెట్టినప్పుడు దారి మూసేస్తుంది. కింద చిక్కుకున్న ఆయిల్ మీదే రాడ్ నిలబడుతుంది. అంటే చైన్‌ని అదుపులో పెట్టేది స్ప్రింగ్ ఒక్కటే కాదు, ఆయిల్ కూడా. ఈ బండికి మార్చుకునే ఆయిల్ ఫిల్టర్ లేదు, ఉన్నది ఒక జాలీ, క్లచ్ దగ్గర తిరుగుడుతో మడ్డిని పట్టే ఏర్పాటు. ఆయిల్ నల్లగా చిక్కబడితే ఆ మడ్డి గోళీ కూర్చునే చోట చేరుతుంది. గోళీ సరిగ్గా మూసుకోక రాడ్ పైకీ కిందికీ ఊగుతుంది, చైన్ కొట్టుకుంటుంది. వరద నీళ్లలో మునిగిన బండి అయితే ముందు డ్రైన్ బోల్టు విప్పి చూడండి, ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టే, అది మొత్తం తీసి కడగకుండా టెన్షనర్ జోలికి వెళ్లకండి.

ఇప్పుడు పని. బండిని సెంటర్ స్టాండ్ వేసి, ఇంజను చల్లారాక మొదలుపెట్టండి. అడుగున మధ్యలో ఉన్నది డ్రైన్ బోల్టు. గేర్ లివర్ వైపు, మ్యాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) కవరు కింది భాగాన ఉన్న రెండో బోల్టు టెన్షనర్‌ది. గట్ల మీద తిరిగే బళ్లకి అక్కడ బురద ఎండి రాయిలా ఉంటుంది. వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, కాస్త కిరసనాయిలు పోసి కాసేపు వదిలేయండి. ఉప్పుగాలి తగిలే అంతర్వేది, ఓడలరేవు వైపు బండి అయితే రాత్రంతా వదిలేయడం మంచిది. కటింగ్ ప్లయర్ పెట్టొద్దు, సరిపోయే రింగ్ స్పానర్ మాత్రమే పెట్టండి. కింద గిన్నె ఉంచి మెల్లగా విప్పితే కొంచెం ఆయిల్‌తో పాటు స్ప్రింగ్, రాడ్ వస్తాయి. ఏది ఎటువైపు ఉందో ఒక ఫొటో తీసుకోండి. రాడ్ బయట ఉన్నంతసేపూ కిక్ కొట్టకూడదు, మ్యాగ్నెట్ తిప్పకూడదు. చైన్ వదులుగా ఉంది కాబట్టి అది ఒక పన్ను జంప్ అయితే వాల్వులు తెరుచుకునే టైమింగ్ తప్పుతుంది.

రాడ్‌ని పెట్రోలుతో కడిగి ఆరబెట్టి చెవి దగ్గర ఊపండి, లోపల గోళీ కదులుతున్న చప్పుడు వినపడాలి. ఆరిన తర్వాత సైకిల్ పంపుతో గాలి కొడితే ఒక వైపు నుంచి పోవాలి, రెండో వైపు నుంచి దాదాపు ఆగిపోవాలి. రెండు వైపులా పోతుంటే ఆ రాడ్ పక్కన పెట్టేయండి. రబ్బరు టోపీని గోటితో నొక్కండి. కొత్తదైతే గోరు దిగి మళ్లీ లేస్తుంది, ముసలిదైతే గోరే జారుతుంది, మధ్యలో ఆర్మ్ నొక్కిన గుంట కనపడుతుంది. అది మార్చాల్సిందే. స్ప్రింగ్‌ని కొత్తదాని పక్కన నిలబెట్టి చూస్తే ఎంత కుంగిందో కంటికే తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. స్ప్రింగ్‌ని చేత్తో సాగదీసి వేయడం, దాని కింద ఒక వాషర్ పెట్టి బిగించడం, ఇవి చాలాచోట్ల చేస్తారు. వెంటనే చప్పుడు తగ్గుతుంది, బండిగలాయన సంతోషంగా వెళ్లిపోతాడు. కానీ ఆ అదనపు ఒత్తిడి రోలర్ రబ్బరు మీదా, చైన్ మీదా, క్యామ్ మీదా పడుతుంది. ఇంజను వేడెక్కితే బోరు, హెడ్ సాగి చైన్ దారి ఇంకా పొడుగవుతుంది, అంటే చల్లగా ఉన్నప్పుడు బిగువుగా ఉన్నది వేడిలో మరీ బిగుస్తుంది. రోలర్ నుంచి ఊడిన రబ్బరు ముక్కలు ఆయిల్ జాలీకి అడ్డం పడ్డాయంటే హెడ్‌కి ఆయిల్ అందదు. దయచేసి ఆ పని చేయకండి, చేయనివ్వకండి.

రాజోలు నుంచి ఒక తమ్ముడు ‘అన్నా, నట్టు తిప్పి అడ్జస్ట్ చేసే టెన్షనర్ వేయొచ్చా’ అని అడిగాడు. 1969 నాటి హోండా సీబీ 750 లాంటి వాటికి బయట లాక్ నట్టు ఉంటుంది నిజమే, కానీ అక్కడ కూడా మనం చేసేది బిగించడం కాదు. నట్టు వదులు చేస్తే లోపలి స్ప్రింగే కావలసినంత నెట్టుకుంటుంది, ఆ చోటే దాన్ని లాక్ చేస్తాం. మన సీడీ 100కి ఆ అవసరమే లేదు, అది తనంతట తాను సర్దుకునేదే. దీనికి అప్‌గ్రేడ్ అంటే మంచి కంపెనీ రాడ్, టోపీ, స్ప్రింగ్ మూడూ ఒకేసారి కొత్తవి వేయడం, బోల్టుకి కొత్త వాషర్, కొత్త ఆయిల్.

కొత్త రాడ్‌ని శుభ్రమైన ఆయిల్లో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచి, రబ్బరు పైకి వచ్చేలా ఎక్కించండి, తర్వాత స్ప్రింగ్, తర్వాత బోల్టు. మొదటి చుట్లు వేళ్లతోనే తిప్పండి, కేస్ అల్యూమినియం, మర పోతే కథ పెద్దదవుతుంది. స్పానర్‌కి పైపు తగిలించొద్దు. స్టార్ట్ చేశాక ఆయిల్ నిండేదాకా కొన్ని క్షణాలు గరగరమన్నా కంగారు పడకండి.

వేడెక్కాక కూడా అదే చప్పుడు ఉంటే చైనే సాగింది, ఏ టెన్షనరూ దాన్ని దాచలేదు. వచ్చే పాఠం దాని మీదే. మ్యాగ్నెట్ ఊడదీసి చైన్, ఆర్మ్, రోలర్లు మారుద్దాం. ఈలోపు మీ మ్యాగ్నెట్ మరకి సరిపోయే పుల్లర్ (దాన్ని బయటికి లాగే పనిముట్టు) తెచ్చుకోండి, రెండు స్క్రూడ్రైవర్లతో పెకలించే ఆలోచన ఉంటే మానేయండి. హెడ్, బోరు ప్యాకింగులు కూడా కొని ఉంచండి.