క్యాంపింగ్ ట్రైలర్ లాగడానికి ఏ బండి సరిపోతుందో తేల్చుకోవడం ఎలా?

అమెరికాలో ట్రైలర్ కొనాలనుకునే మనవాళ్లకు ముందే చెప్పేస్తున్నా. "ఈ బండి 5,000 పౌండ్లు లాగుతుంది, మీ ట్రైలర్ 4,000 పౌండ్లే కదా" అని సేల్స్‌మన్ అన్నాడని సంతకం పెట్టేయకండి. లాగడం కంటే మోయడం దగ్గరే బండ్లు ముందు చేతులెత్తేస్తాయి.

ముందు ట్రైలర్ బరువు తేల్చుకోండి. బ్రోషర్‌లో ఉండే డ్రై వెయిట్ ఖాళీ ట్రైలర్‌ది, దాన్ని పక్కన పెట్టండి, ఎందుకంటే 30 గాలన్ల ట్యాంకు నింపితే నీళ్లే 250 పౌండ్లు, ఆపైన గ్యాస్, బ్యాటరీ, వంటసామాను. ట్రైలర్ ఎడమ వైపు ముందు భాగంలో స్టికర్ మీద జీవీడబ్ల్యూఆర్ అని ఉంటుంది, నింపుకున్నాక దాటకూడని బరువు అది. లెక్కంతా దాంతోనే చేయండి.

ఇప్పుడు కొనబోయే బండి డ్రైవర్ డోర్ తెరవండి. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని అక్కడ టైర్ల స్టికర్ మీద రాసి ఉంటుంది, అదే పేలోడ్. ట్రైలర్ మూతి హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద మోపే బరువు కూడా ఇందులోంచే పోతుంది, అది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం. ట్రైలర్ 5,000 పౌండ్లనుకుంటే సుమారు 650. మీరిద్దరు, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న కలిసి 780, ఐస్ బాక్స్, కుక్కర్, బియ్యం ఇంకో 150. మొత్తం 1,580. స్టికర్ మీద 1,350 ఉంటే ఆ బండి మీకు పనికిరాదు, అది ఎంత లాగినా సరే. ఒకే మోడల్‌లోనూ సన్‌రూఫ్, పెద్ద చక్రాలు ఉంటే ఈ అంకె తగ్గిపోతుంది కాబట్టి మీరు కొనే బండి స్టికరే చూడండి.

లాగే సామర్థ్యం కూడా చూడాల్సిందే. మనవాళ్ల ఇళ్ల ముందు కనిపించే సియెన్నా, ఒడిస్సీ మినీవ్యాన్లు 3,500 పౌండ్ల వరకే, చిన్న పాప్‌అప్ (మడతపెట్టే) ట్రైలర్లకు చాలు. టో ప్యాకేజీ (ట్రైలర్ లాగడానికి కంపెనీ అమర్చే సామగ్రి), ట్రైలర్ లైట్లకు, బ్రేకులకు కరెంటు ఇచ్చే 7 పిన్నుల సాకెట్, ట్రైలర్ బ్రేకులను బండిలోంచి నడిపే బ్రేక్ కంట్రోలర్ ఉన్నాయేమో అడగండి. చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. కొలరాడో కొండలెక్కాలంటే టర్బో ఇంజిన్ మేలు, ఎత్తుకు వెళ్లేకొద్దీ మామూలు ఇంజిన్ బలం తగ్గిపోతుంది. ఎలక్ట్రిక్ బండైతే రేంజ్ (ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం) సగానికి పడిపోతుందనుకునే ప్లాన్ చేసుకోండి.

మొదటి ట్రిప్పుకు అందరూ ఎక్కాక, సామానంతా పెట్టాక, ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (బండ్లను తూచే కాటా) మీద తూయించండి. బండి ముందు చక్రాలు, వెనక చక్రాలు, ట్రైలర్ చక్రాల మీద ఎంతెంత పడుతోందో విడివిడిగా కాగితం ఇస్తారు. ఎక్కడైనా పరిమితి దాటితే అక్కడే కొంత సామాను దించేయండి.