మాస్టర్ ప్లాన్‌కు అందకుండా మారుతున్న నగరం: టౌన్ ప్లానర్లకు సమస్యలు - పరిష్కారాలు

ఇరవై ఏళ్లకోసారి మాస్టర్ ప్లాన్ గీసి గోడకు తగిలించే పద్ధతి, నగరాలు నిదానంగా మారిన కాలానికి సరిపోయింది. ఇప్పుడు వాన తీరు మారింది, ఎండ తీరు మారింది, ఆఫీసు పనిలో కొంత ఇంటికి వచ్చేసింది. కొన్ని నగరాలు కిక్కిరిసిపోతుంటే మరికొన్నిచోట్ల జనం తరిగిపోతున్నారు. ఫిర్యాదు రాగానే మనం నొప్పి ఉన్నచోటే పట్టీ వేస్తాం. జబ్బు చాలాసార్లు ఇంకోచోట ఉంటుంది.

సమస్య: గంట వానకే రోడ్డు చెరువవుతోంది

అందరి నోటా వచ్చే మొదటి మాట: పైపు చిన్నది, పెద్దది వేయాలి. దానికి అంచనాలు వేసే ముందు, వాన పడుతుండగా ఆ కూడలిలో గొడుగు వేసుకుని నిలబడండి. నేను అలా నిలబడ్డ ఒకచోట రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లున్నాయి, పక్కనే ఉన్న కాలువ సగం కూడా నిండలేదు. పాత తారు గీకకుండా దాని మీదే పొర మీద పొర వేస్తూ పోయారు. దాంతో వాలు మారిపోయి, పల్లం కాలువ జాలీకి ఆరడుగుల అవతలికి జరిగింది. జాలీ గట్టున ఉంది, నీళ్లు గుంటలో ఉన్నాయి. అక్కడ ఎంత పెద్ద పైపు వేసినా లాభం ఉండేది కాదు.

వాలు సరిగ్గానే ఉంటే ఎగువకు నడవండి. మట్టి నేల సిమెంటు అయిపోయి ఉంటుంది, లేదా పాత వాగు దారిలో ఇళ్లు లేచి ఉంటాయి. మూడో కారణం మన ఫైళ్లలోనే ఉంటుంది: కాలువ సైజు లెక్కకు వాడిన వర్షపాతం వివరాలు ఎప్పటివో ఒకసారి చూడండి. దశాబ్దాల నాటివైతే ముందు వాటిని మార్చాలి.

మందు ఏమిటంటే, నీటికి చోటు ఇవ్వడం. 2011 జూలై 2న కోపెన్‌హాగన్‌లో రెండు మూడు గంటల్లోనే కొన్నిచోట్ల 150 మిల్లీమీటర్ల దాకా వాన కురిసి ఊరు మునిగింది. మరుసటి ఏడాదే వాళ్లు కుంభవృష్టి కోసం ప్రత్యేక ప్లాన్ చేసుకున్నారు. అంత వానను పైపుల్లోనే ఇరికించాలని చూడకుండా కొన్ని వీధులను నీరు పారే దారులుగా, పార్కులను తాత్కాలిక చెరువులుగా మార్చడం మొదలుపెట్టారు. అక్కడి ఎంగేవ పార్కు ఇప్పుడు ఇరవై వేల ఘనపు మీటర్లకు పైగా నీటిని పట్టి ఉంచగలదు. మామూలు రోజుల్లో అక్కడే పిల్లలు ఆడుకుంటారు. భూ వినియోగ పటంలో ఇళ్లకు, వ్యాపారాలకు రంగులు వేసే ముందే నీటి దారుల పటాన్ని అడుగున పరుచుకోండి. ఈ వరుస తారుమారైతే తర్వాత ఎంత ఖర్చు పెట్టినా సరిదిద్దడం కష్టం.

సమస్య: రోడ్డు వెడల్పు చేశాం, ఫ్లైఓవర్ కట్టాం, ట్రాఫిక్ మళ్లీ అంతే

రోడ్డు ఖాళీగా కనిపిస్తే, అంతవరకు బస్సెక్కినవాళ్లు కారు తీస్తారు, వేరే వేళకు వెళ్లేవాళ్లు అదే వేళకు బయలుదేరతారు, ఊరి చివర కొత్త లేఅవుట్లు లేస్తాయి. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేను 2008 నాటికి, పక్క రోడ్లతో కలిపి లెక్కిస్తే కొన్నిచోట్ల 26 వరుసల (లేన్ల) దాకా విస్తరించారు. కొన్నేళ్లకే రద్దీ వేళ ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది. సియోల్ ఎదురు దారి పట్టింది. చాంగ్యెచాన్ వాగు మీద ఉన్న ఎత్తు రోడ్డును 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005కల్లా వాగును మళ్లీ జనానికి తెరిచింది. ఆ రోడ్డు లేకుండానే ఊరు నడుస్తోంది.

కాబట్టి లెక్కించాల్సింది మనుషులను. కూడలిలో గంటసేపు కూర్చుని ఎన్ని వాహనాలు పోయాయో కాకుండా ఎంతమంది పోయారో రాసుకోండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే బస్సుకు ప్రత్యేక వరుస ఎందుకు ఇవ్వాలో ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు. ఇళ్లకు నడిచి వెళ్లే దూరంలో బడి, దుకాణం, క్లినిక్ ఉండనివ్వని జోనింగ్ నిబంధనలుంటే (ఏ స్థలంలో ఏం కట్టవచ్చో చెప్పేవి) వాటినీ సవరించండి, అసలు కొన్ని ప్రయాణాల అవసరమే ఉండదు.

రద్దీ రుసుము, అంటే రద్దీ ప్రాంతంలోకి వచ్చీపోయే వాహనాలపై వసూలు, పెట్టాలంటే రాజకీయంగా టెన్షన్ తప్పదు. స్టాక్‌హోమ్ ముందు 2006లో ఏడు నెలలు ప్రయోగంగా పెట్టింది. రుసుము పరిధిలోకి వచ్చీపోయే ట్రాఫిక్ ఐదో వంతు దాకా తగ్గింది. తేడా కళ్లారా చూశాకే జనం ఓటు వేశారు, 2007లో అది శాశ్వతమైంది. పెద్ద మార్పు దేన్నైనా ముందు తిప్పుకోగలిగే ప్రయోగంగా చేసి చూపించడం మన వృత్తిలో నాకు బాగా నమ్మకం కుదిరిన పద్ధతి.

సమస్య: రాత్రయినా వేడి దిగడం లేదు

తారు, కాంక్రీటు పగలంతా వేడిని దాచుకుని రాత్రి వదులుతాయి. చెట్టు లేదు, గాలి ఆడే సందు లేదు, ఏసీల వేడి అదనం. ఒక థర్మామీటరు పట్టుకుని మధ్యాహ్నం రెండింటికి బస్ స్టాపుల వెంట నడవండి. రేకు కప్పు కింద కన్నా చెట్టు కింద ఎందుకు నిలబడతారో మీకే తెలుస్తుంది. ముందు అక్కడే నాటండి: జనం ఎండలో ఆగే చోట్ల, చెట్లు తక్కువున్న పేదల పేటల్లో. ఫుట్‌పాత్ కింద కేబుళ్లు, పైపులు ముందే చోటు ఆక్రమించేస్తాయి కాబట్టి వేళ్లకు కావలసిన మట్టిని రోడ్డు డిజైన్‌లోనే చూపించాలి. చెట్టు ఎదిగేదాకా ఆగలేం గనుక హెచ్చరికల ఏర్పాటూ కావాలి. 2010 నాటి వడగాడ్పుల తర్వాత అహ్మదాబాద్ 2013లో అలాంటి ప్రణాళిక తెచ్చింది.

సమస్య: ఒకపక్క ఆఫీసులు ఖాళీ, మరోపక్క అద్దెల మోత

అడ్డం సాధారణంగా నిబంధనల్లోనే ఉంటుంది. ఒకే వాడుకకు కట్టేసిన జోన్లు, ప్రతి ఇంటికీ ఇంత పార్కింగ్ ఉండాలన్న షరతు, ఎత్తు పరిమితులు. ఆక్లాండ్ 2016లో నివాస భూమిలో దాదాపు ముప్పాతిక వంతులో ఎక్కువ ఇళ్లు కట్టుకోనిచ్చింది, తర్వాత అక్కడ ఇళ్ల నిర్మాణం బాగా పెరిగింది. ఖాళీ ఆఫీసులన్నీ ఇళ్లవుతాయని మాత్రం లెక్క వేసుకోకండి. కిటికీల నుంచి మధ్యకు చాలా దూరమున్న భవనాల్లో నడిమధ్య గదులకు వెలుతురు అందదు, ప్రతి ఇంటికీ నీటి పైపులు కొత్తగా లాగాలి. భవనం భవనం విడిగా చూడాల్సిందే.

సమస్య: ప్లాన్ అచ్చయ్యేసరికే పాతబడింది

ఒకే అంచనా మీద మొత్తం ప్లాన్‌ను నిలబెట్టడమే దీనికి కారణం. జనాభా ఇంత, వాన ఇంత అని ఒక అంకె పట్టుకుంటే అది తప్పిన రోజు అంతా తప్పుతుంది. అంకెకు బదులు హద్దులు రాసుకోండి: ఫలానా కొలత ఇంత దాటితే ఫలానా పని మొదలుపెట్టాలి. ఎవరు కొలవాలి, ఎన్నాళ్లకోసారి కొలవాలి, డబ్బు ఏ పద్దులోంచి రావాలి అన్నవి కూడా ప్లాన్‌లోనే ఉండాలి.

థేమ్స్ నది వరదల కోసం 2012లో ఆమోదించిన ప్లాన్ ఇలాంటిదే. సముద్ర మట్టం, కరకట్టల స్థితి లాంటి కొలతలను గమనిస్తూ దాన్ని సమీక్షిస్తుంటారు. 2023 సవరణలో, లండన్ వరద గేటుకు ఎగువన ఉన్న కరకట్టలను 2065కు బదులు 2050కల్లా ఎత్తు పెంచాలని తేలింది. గడువు పదిహేనేళ్లు ముందుకు జరిగింది, మొత్తం ప్లాన్‌ను మళ్లీ మొదటినుంచి రాయాల్సిన అవసరం మాత్రం రాలేదు.