టోక్యోలో సుమో చూడాలంటే

మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి పేరు వింటూ పెరిగిన మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు జపాన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తే అక్కడి కుస్తీ సుమో చూడకుండా రాకండి. పెద్ద టోర్నమెంట్లు ఏడాదికి 6, ఒక్కోటి 15 రోజులు. జనవరి, మే, సెప్టెంబరుల్లో టోక్యోలోని సుమో స్టేడియం ర్యోగోకు కొకుగికాన్‌లో, మార్చిలో ఒసాకాలో, జూలైలో నగోయాలో, నవంబరులో ఫుకుఒకాలో జరుగుతాయి కాబట్టి ముందు ఆ తేదీలు చూసుకుని, తర్వాతే ఫ్లైట్ బుక్ చేసుకోండి. శని, ఆదివారాల టికెట్లు ఇట్టే అయిపోతాయి.

కింద మసు అనే నేల సీట్లలో చెప్పులు విప్పి, పరుపు ముక్క మీద మఠం వేసుకుని కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులుంటే పైన కుర్చీలే తీసుకోండి.

పొద్దున కుర్రాళ్ల కుస్తీలు, పై తరగతి వాళ్లు వచ్చేసరికి మూడున్నర దాటుతుంది. నేనైతే రెండింటికల్లా వెళ్లమంటాను. గుప్పెడు ఉప్పు చల్లుతారు, వంగి ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటారు, మళ్లీ లేచి వెనక్కి వెళ్లిపోతారు, ఇలా 4 నిమిషాల దాకా సాగుతుంది, అప్పుడు మాత్రం ఫోన్ చూడకండి, ఎందుకంటే అసలు పోటీ చాలాసార్లు కొన్ని సెకన్లే. ఆ ఒళ్లు ఒళ్లు ఢీకొన్న చప్పుడు టీవీలో వినిపించదు. చివర్లో విల్లు తిప్పే వేడుక కూడా అయ్యాకే లేవండి.