సీలింగ్ లేని పెంకుల గదికి కలప కొలతలు: మృగశిర లోపు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

పాత ఇంటి పక్కన ఒక గది కలిపి, లోపల సీలింగ్ వేయకుండా వాసాలూ మంగుళూరు పెంకులూ నేరుగా కనబడేట్టు కట్టుకోవడం ఈ మధ్య బాగా నడుస్తోంది. గది ఎత్తుగా, చల్లగా ఉంటుంది. కాకపోతే కలప కొలతల దగ్గర మేస్త్రి "ఎప్పుడూ ఇంతే వేస్తామండీ" అంటే అక్కడ కాస్త ఆగండి. పాత పెంకుటింట్లో గోడ నుంచి గోడకు అడ్డదూలాలు ఉండేవి, వాటి మీద అటక. గదులు ఇరుకు. కలప చేవదేరిన టేకో, ముదురు తాడో. ఇప్పుడు మీరు అడ్డదూలం తీసేస్తున్నారు, గది వెడల్పు చేస్తున్నారు, డిపోలో ఏది దొరికితే అది కొంటున్నారు. ఈ మూడూ మారాక పాత కొలత ఎలా సరిపోతుంది?

అడ్డదూలం అటక కోసమే అనుకుంటారు చాలామంది. దాని అసలు పని గోడల్ని పట్టి ఉంచడం. రెండు వాసాలు నడినెత్తిన ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడితే, వాటి కాళ్లు బయటికి జారాలని చూస్తాయి. 14 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు గది తీసుకోండి. కప్పు మధ్యలో 4 అడుగులు లేచింది. రీపర్లతో (పెంకుల కింద అడ్డంగా కొట్టే సన్నపట్టీలు) కలిపి పెంకుల బరువు చదరపు అడుగుకు సుమారు 6 కిలోలు. అంటే రెండు వాలులకూ కలిపి టన్నున్నర. వాసాల బరువు, పైకెక్కే మనుషుల కోసం కప్పంతటికీ లెక్కలో వేసుకునే అదనపు బరువు కూడా కలుపుకుంటే, పక్క గోడను ప్రతి అడుగు పొడవునా దాదాపు 70 కిలోల బలం బయటికి తోస్తుంది. పై అంచున అంత తోపు పడితే తొమ్మిది అంగుళాల ఇటుక గోడైనా మెల్లగా ఒరుగుతుంది. మూలల్లో పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే నెర్రె కనబడితే అనుమానించాల్సింది దీన్నే. శిఖరానికి దగ్గరగా చిన్న అడ్డకర్ర కొట్టి "కట్టేశాం" అంటే ఒప్పుకోవద్దు, గోడ తోపును ఆపేంత పట్టు అక్కడ ఉండదు.

దారులు రెండు. గోడ ఎత్తులోనే నాలుగైదు అడుగులకొక ఇనుప రాడ్డు అడ్డంగా బిగించడం ఒకటి. అది కంటికి అడ్డమనిపిస్తే, నడినెత్తిన వెన్నుదూలం వేసి వాసాల పై కొసల్ని దాని మీద కూర్చోబెట్టడం రెండోది. అప్పుడు తోపు ఉండదు గానీ సగం కప్పు బరువు ఆ దూలానిదే. పైన చెప్పిన గదిలో వాసాలూ ఆ అదనపు బరువూ కలిపి అది 1,400 కిలోల దాకా వస్తుంది. 16 అడుగుల టేకు దూలం 8×4 అంగుళాలదైతే నడిమధ్యలో అంగుళానికి పైగా కిందికి దిగుతుంది. 10×5 అయితే అర అంగుళంతో సరిపెట్టుకోవచ్చు. అంత దుంగ దొరకడం కష్టం, దొరికినా ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. మధ్యలో ఒక నిట్రాడు (నిలువు స్తంభం) నిలబెడితే 6×3 చాలు. నిట్రాడు మీదికి కనీసం ఏడు క్వింటాళ్లు వస్తుంది కాబట్టి దానికి కింద పునాది ఉండాలి, టైల్స్ మీద నిలబెట్టేయకూడదు. చెక్క కోసం పట్టుబట్టకుండా ఇనుప ఐ-సెక్షన్ (I ఆకారపు దూలం) వేసి పైన పలక తొడిగించుకున్నా తప్పేం లేదు, నేనైతే అదే చేయిస్తాను.

వాసాలకు ఈ వెడల్పులో అడుగున్నర దూరానికొకటి చొప్పున 4×2 సరిపోతుంది. నాలుగు అంగుళాల వైపు నిలువుగా ఉండాలి. పడుకోబెడితే గట్టితనం నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంకో మోసం చిత్రిక దగ్గర. కోత మిల్లులో 4×2 అని కోసిన ముక్క నునుపు చేసేసరికి 3¾×1¾ అవుతుంది. పోయింది పావు అంగుళమే కదా అనిపిస్తుంది, గట్టితనంలో పోయేది పావు వంతు పైనే. అందుకే చిత్రిక పట్టాక ఎంత మిగలాలో ముందే చెప్పి కోయించండి. గోడ మీద కూర్చునే చోట వాసానికి పెట్టే గాడి లోతు వాసం ఎత్తులో పావు వంతు దాటనివ్వద్దు. నడిమధ్యలో, అడుగు వైపున వైరింగ్ కోసం గాడి కొట్టడం అసలే వద్దు.

పచ్చి కలపతో రోహిణి ఎండల్లో కప్పు వేస్తే మెలి తిరుగుతుంది. ఎండిందో లేదో తేల్చడానికి ఒక ముక్క కోసి కిరాణా కాటా మీద తూచి, నీడలో గాలి తగిలేలా వారం ఉంచి మళ్లీ తూచండి. బరువు ఇంకా తగ్గుతుంటే ఆగండి. అంచున తెల్లచెక్క ఎక్కువున్న ముక్కల్ని పక్కన పెట్టండి, చెదలు ముందు పట్టేది దాన్నే.

దూలం ఒక కొస పాత ఇంటి గోడలోకి వెళ్తుంటే, అది కిటికీ నెత్తిన పడుతోందేమో చూడండి. పడితే చోటు మార్చండి, లేదా కింద కాంక్రీటు దిమ్మె వేయించండి. పాత గోడా కొత్త కప్పూ కలిసే చోట రేకు గోడలోకి దూర్చి పూత వేయకపోతే మొదటి వానకే దూలం కొస నానుతుంది.

కోస్తాలో ఉన్నవాళ్లు గాలిని విడిగా లెక్కేయాలి. విశాఖ, విజయవాడ, నెల్లూరుల్లో డిజైన్‌కు తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు చూశాం కదా, గాలి కప్పును కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. వాసాన్ని మేకుతో వదిలేయకుండా ఇనుప పట్టీతో గోడ మీది చెక్కకు, ఆ చెక్కను బోల్టులతో గోడ పైనున్న కాంక్రీటు బెల్టుకు బిగించండి. చూరు అడుగున్నర దాటనివ్వకండి. ఈ కొలతలు పైన చెప్పిన 14×16 అడుగుల గదికి వేసినవి. వెడల్పు పెరిగినా, నాసిరకం కలప వాడినా మారిపోతాయి. స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించుకోండి, ఆ ఫీజు ఒక దూలం ఖరీదు కూడా ఉండదు.

పెంకులు ఎక్కించేటప్పుడు ఒక వాలు మొత్తం పరిచి రెండోది మొదలుపెట్టడం కూలీలకు సుఖం, కప్పుకు కాదు. రెండు వైపులా వరస వరసగా ఎక్కించమనండి. పని అయ్యాక వెన్నుదూలం కింద, రెండు కొసల్లోనూ దూలానికి ఒకే ఎడం ఉండేట్టు, ఈ కొస నుంచి ఆ కొసకు నైలాన్ దారం బిగువుగా కట్టి, మధ్యలో ఎంత ఎడముందో గోడ మీద రాసిపెట్టుకోండి. దసరాకు మళ్లీ కొలిచి చూడండి. మొత్తం దిగుడు ముప్పావు అంగుళం దాటితే తుఫాన్లు మొదలవకముందే మధ్యలో నిట్రాడు పెట్టించండి.