అత్తిపత్తికి బెదురు పోగొట్టడం ఎలా?

ముట్టుకుంటే అత్తిపత్తి ముడుచుకుంటుందని అందరికీ తెలుసు. ఏమీ కాదని తేలితే అది ముడుచుకోవడం మానేస్తుందని చాలామందికి తెలియదు. అప్పట్లో ఆస్ట్రేలియాలో పనిచేస్తున్న శాస్త్రవేత్త మోనికా గల్యానో బృందం దీనిమీద చేసిన ప్రయోగం 2014లో అచ్చయింది. దాన్ని మనం ఇంట్లోనూ చేసి చూడొచ్చు.

1. పొలం గట్ల మీద దొరికితే వేళ్ల మట్టితో సహా తవ్వి తెచ్చుకోండి. కాండానికి ముళ్లుంటాయి, జాగ్రత్త. ప్లాస్టిక్ కుండీలో నాటి, వారం పది రోజులు కుదురుకోనివ్వండి. ఆ పది రోజులూ పిల్లల వేళ్లు తగలకుండా కాపాడటమే అసలు కష్టం!

2. పొద్దున ఆకులు పూర్తిగా విచ్చుకున్నాకే మొదలుపెట్టండి. చీకటి పడితే ఎవరూ ముట్టకపోయినా అది ముడుచుకుంటుంది కాబట్టి అప్పుడు చూసినా లాభం లేదు.

3. ముందుగా ఒక ఆకును వేలితో తాకండి. ఆకు మొదట్లో, రెమ్మల మొదళ్లలో చిన్న ఉబ్బులుంటాయి. తాకగానే విద్యుత్ సంకేతం అక్కడికి చేరుతుంది, ఒక పక్క కణాల్లోంచి నీరు బయటికి పోయి ఆకు వాలిపోతుంది. మళ్లీ విచ్చుకోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఫోన్‌లో చూసి రాసుకోండి.

4. ఇప్పుడు కింద మందపాటి స్పాంజి వేసి, కుండీని 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి నిటారుగా వదలండి. 30 సెంటీమీటర్ల స్కూలు స్కేల్లో సగమన్నమాట. కొన్ని సెకన్లకోసారి చొప్పున 60 సార్లు వదలాలి. చేతులు లాగుతాయి, ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు. మొదట్లో ఆకులు టక్కున మూసుకుంటాయి. పోనుపోను, ఇంకా పడుతుండగానే కొన్ని విచ్చుకోవడం మొదలుపెడతాయి. ఊరికే ముడుచుకుంటే ఎండ నుంచి తయారయ్యే తిండి తగ్గుతుంది మరి.

5. ఈ మెట్టు మాత్రం వదిలేయకండి. మొక్క అలవాటు పడిందా, అలిసిపోయిందా? తేల్చుకోవాలంటే కుండీని పట్టుకుని అటూ ఇటూ గట్టిగా ఊపండి. కొత్త కుదుపుకు వెంటనే ముడుచుకుందంటే అందులో ఇంకా సత్తువ ఉన్నట్టే. ముడుచుకోకపోతే మర్నాడు మళ్లీ చేయండి.

6. తర్వాత మొక్కను కదపకుండా 28 రోజులు ఉంచి, మళ్లీ అదే ఎత్తు నుంచి వదలండి. ఆ ప్రయోగంలో అన్ని రోజుల తర్వాత కూడా మొక్కలు పెద్దగా పట్టించుకోలేదు. దీన్ని జ్ఞాపకం అనొచ్చా అని శాస్త్రవేత్తల్లో వాదన ఉంది. మీ మొక్క ఏం చేస్తుందో చూడాలంటే, తేదీని ఇప్పుడే క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.